భయానకానికి ఉత్తరకథ: ‘ఏలియన్స్’ చిత్రంలో ఎరుక, బాధ్యత

ముగిసిన కథకు ఉత్తరభాగం ఎందుకు కావాలన్న ప్రశ్న తెలుగు సాహిత్య విద్యార్థికి కొత్తది కాదు. తిక్కన భారత రచనకు పూనుకోక ముందే నిర్వచనోత్తర రామాయణం రచించి మనుమసిద్ధికి అంకితమిచ్చాడు. పద్దెనిమిదో శతాబ్దిలో కంకంటి పాపరాజు ఆ వస్తువునే మళ్లీ చేపట్టాడు. రావణవధతోనూ పట్టాభిషేకంతోనూ మంగళాంతమైన కథను తిరిగి తెరవడంలో కేవల కుతూహలం లేదు. అగ్నిసాక్షిగా తేలిపోయిందనుకొన్న విషయం లోకం దృష్టిలో తేలలేదని, సీత చెప్పినది సీత చెప్పినంత మాత్రాన చాలలేదని ఉత్తరకాండ మనకు తెలియజేస్తుంది. పూర్వకథ ఇచ్చిన తృప్తిని వెనక్కి తీసుకోవడం, ఆ తృప్తికి ఎవరు వెల చెల్లించారో అడగడం ఉత్తమమైన ఉత్తరకథల లక్షణం. వ్యాపార చలనచిత్రాలకు వచ్చే ఉత్తరభాగాలలో అధికశాతం ఈ పని చేయవు. చేసిన కొద్దివాటిలో జేమ్స్ కామెరాన్ రచించి దర్శకత్వం వహించిన ‘ఏలియన్స్’ (1986) ఒకటని నా అభిప్రాయం. ఆ చిత్రంలోని నైతిక ప్రశ్నను విశాఖపట్నంలో కూర్చొని చదివితే ఏమి కనిపిస్తుందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

రిడ్లీ స్కాట్ తీసిన పూర్వచిత్రం ‘ఏలియన్’ 1979లో వచ్చింది. ఏడుగురు సిబ్బందితో తిరిగి వస్తున్న ఒక సరుకు నౌక, దారిలో ఒక గ్రహం మీద దిగి, ఒక ప్రాణిని తెలియక తనలోకి తెచ్చుకొంటుంది. ఆరుగురు మరణిస్తారు. రిప్లీ అనే అధికారిణి నౌకను పేల్చివేసి ప్రాణం దక్కించుకొంటుంది. రెండవ చిత్రంలో ఆమె యాభైయేడేళ్ల నిద్ర తరువాత మేల్కొంటుంది. ఆ గ్రహం మీద ఇప్పుడు అరవై డెబ్బై కుటుంబాల కార్మిక కాలనీ వెలసింది. కాలనీతో సంబంధాలు తెగిపోవడంతో సైనికుల వెంట సలహాదారుగా ఆమె మళ్లీ అక్కడికే వెళ్తుంది. బతికి మిగిలిన ఒకే ఒక్క పిల్ల న్యూట్‌ను కాపాడి తిరిగి వస్తుంది. సిగోర్నీ వీవర్‌కు ఈ పాత్ర ఉత్తమ నటి ఆస్కార్ నామినేషన్ తెచ్చింది. భయానక, వైజ్ఞానిక కాల్పనిక చిత్రాలకు ఆ గౌరవం అరుదు.

దీనిపై తరచుగా వినిపించే ఆక్షేపణ ఒకటుంది. మొదటి చిత్రంలో చీకటి ఉంది, నిశ్శబ్దం ఉంది, కనబడీ కనబడని ఒకే ఒక్క ప్రాణి ఉంది. రెండవదానిలో తుపాకులున్నాయి, ప్రాణులు గుంపులుగా వచ్చి గుంపులుగా చస్తాయి. కనుక భయం పలచబడిందని ఆక్షేపణ. మన అలంకారశాస్త్ర పరిభాషలో చెప్పాలంటే, భయానకాన్ని వీరం మింగేసిందని. ఈ మాటలో నిజం లేకపోలేదు. అయితే అది దోషమా, ఉద్దేశమా అన్నది వేరే ప్రశ్న. భయానకానికి ఉదాహరణగా అభినవగుప్తుడు శాకుంతల ప్రథమాంకంలో బాణానికి జడిసి పరుగెత్తే లేడిని చూపాడు. ఆ లేడికి భయమే సర్వస్వం. దానికి పారిపోవడం తప్ప కర్తవ్యం లేదు, ఉండనక్కరలేదు. మొదటి చిత్రంలో రిప్లీ స్థితి ఇంచుమించు అదే. రెండవ చిత్రం ఆ లేడిని తిరిగి అడవికి పంపుతుంది. బాణం ఎలా ఉంటుందో ఎరిగిన లేడి, మరొక లేడిపిల్ల కోసం వెనక్కి వెళ్లవలసి వస్తే ఆ భయం ఏమవుతుంది? అది నశించదు, వీరంగా మారిపోనూ మారదు. భయం స్థాయిగా ఉండగానే ఉత్సాహం దాని పక్కన నిలబడుతుంది. భరతుడు భయాన్ని స్త్రీలకూ నీచ ప్రకృతులకూ, ఉత్సాహాన్ని ఉత్తమ ప్రకృతికీ కేటాయించాడు. ఈ చిత్రంలో ఆయుధాలతో బయలుదేరిన సైనికుల ధీమా మొదటి ఎదురుదెబ్బకే కూలిపోతుంది. నిద్రలో పీడకలలతో చెమటపట్టి లేచే స్త్రీ నిలబడుతుంది. శాస్త్రం వేసిన ఆ విభజన నిలవదనడానికి ఇంతకంటె స్పష్టమైన దృష్టాంతం వెదకనక్కరలేదు.

తెలిసినవారి మౌనం

కథలో నేరం ఎక్కడ జరిగింది? ప్రాణులు నేరస్థులు కావు. అవి తమ స్వభావం ప్రకారం నడుచుకొన్నాయి. చిత్రం మొదట్లోనే ఒక విచారణ సంఘం ముందు రిప్లీ జరిగింది చెబుతుంది. నౌకను నాశనం చేసినందుకు, అంటే నాలుగు కోట్ల ఇరవై లక్షల డాలర్ల ఆస్తిని పాడుచేసినందుకు, ఆమెను నిలదీస్తారు. ప్రాణిని గురించిన ఆమె సాక్ష్యాన్ని నమ్మరు. ఆమె లైసెన్సు రద్దవుతుంది. అయితే ఆ గదిలో ఒకడు నమ్ముతాడు, లేదా నమ్మదగినంతగా లెక్క వేసుకొంటాడు. అతడు కంపెనీ ప్రతినిధి బర్క్. ఆ ప్రాణుల గుడ్లున్న శిథిల నౌకను వెదకి చూడమని కాలనీకి ఆదేశం పంపుతాడు. అక్కడ ఏముందో, ఏ జాగ్రత్త అవసరమో ఒక్క మాట చెప్పడు. ఒక కుటుంబం వెళ్లి చూస్తుంది. తరువాత కాలనీ మిగలదు. అతని సంతకంతో ఉన్న ఆదేశం కాలనీ రికార్డులలో రిప్లీ కంటబడుతుంది. నిలదీస్తే అతడిచ్చే సమాధానం ఈ చిత్రంలో కెల్లా ఆలోచించదగిన ఘట్టం. ముందే హెచ్చరించి ఉంటే ప్రభుత్వం జోక్యం చేసుకొనేదని, అప్పుడు కనుగొన్నదానిపై ఎవరికీ హక్కు మిగిలేది కాదని అతడంటాడు. తానొక నిర్ణయం తీసుకొన్నానని, అది తప్పిందని చెప్పి ఊరుకొంటాడు.

బర్క్ చెప్పినదానిలో అబద్ధం లేదన్నది గమనించాలి. అతడు దాచినది సమాచారమే గాని, సంతకం కాదు. ఫలితాన్ని తాను కోరలేదనీ అతడు నిజాయితీగానే అంటున్నాడు. అందుకే అతని నేరాన్ని హత్య అనడం కష్టం, పొరపాటు అనడం అన్యాయం. తెలిసినవాడు తెలియనివారిని తన బదులు ప్రమాదంలోకి నడిపించి, తెలియకపోవడంలోని నష్టమంతా వారికే వదిలిపెట్టడం ఈ నేరం స్వరూపం. మన భాషలో దీనికి సరిపోయే ఒక్క పదం లేదు. నమ్మకద్రోహం అందామంటే, ఆ కుటుంబాలకు బర్క్ అనేవాడొకడున్నాడని కూడ తెలియదు.

చిత్రం విడుదలైనది 1986 జూలైలో. అదే సంవత్సరం డిసెంబరు 20న భారత సర్వోన్నత న్యాయస్థానం ఎం.సి. మెహతా కేసులో తీర్పు చెప్పింది. ఢిల్లీలో ఒక ఎరువుల కర్మాగారం నుంచి ఓలియం వాయువు వెలువడిన ఉదంతం అది. దాని వెనుక ఒక్క ఏడాది ముందరి భోపాల్ ఉంది. ప్రమాదకరమైన పనితో లాభం గడించే సంస్థ, ఆ పనివల్ల ఎవరికి హాని జరిగినా పూర్తి బాధ్యత వహించాలని, తాను తీసుకోవలసిన జాగ్రత్తలన్నీ తీసుకొన్నానన్న సమాధానం చెల్లదని ప్రధాన న్యాయమూర్తి పి.ఎన్. భగవతి నాయకత్వంలోని ధర్మాసనం నిర్ణయించింది. ఇంగ్లండులో 1868 నాటి రైలాండ్స్ వర్సెస్ ఫ్లెచర్ తీర్పునుంచి వస్తున్న మినహాయింపులను తోసిపుచ్చింది. న్యాయశాస్త్రం దీనిని సంపూర్ణ బాధ్యత అంటుంది. ఈ రెండు సంగతులకూ చారిత్రక సంబంధమేదీ లేదు, ఉందని చెప్పడం నా ఉద్దేశమూ కాదు. కాని బర్క్ మాటను ఈ తీర్పు ముందు పెడితే అది ఎందుకు చెల్లదో తేటపడుతుంది. నిర్ణయం తప్పిందా, ఒప్పయిందా అన్నది ప్రశ్నే కాదు. ప్రమాదం పక్కన జనాన్ని ఉంచి దాని లాభం తనదనుకొన్నవాడికి, దాని నష్టం తనది కాదనే అవకాశం లేదు.

విశాఖపట్నం ఈ విషయాన్ని సినిమాలో నేర్చుకోలేదు. 1997 సెప్టెంబరు 14న చమురుశుద్ధి కర్మాగారంలో వంటగ్యాసు అంటుకొని జరిగిన అగ్నిప్రమాదంలో అరవైమంది దాకా మరణించారు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారం నుంచి స్టైరీన్ ఆవిరి చుట్టుపక్కల ఇళ్లలోకి వ్యాపించింది. పన్నెండుమంది చనిపోయారు, వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు. జనం నిద్రలో ఉన్న వేళ అది. రాష్ట్ర ప్రభుత్వం నియమించిన ఉన్నతస్థాయి సంఘం అదే సంవత్సరం జూలైలో ఇచ్చిన నివేదికలో ట్యాంకు నిర్మాణ లోపాన్ని, చాలని శీతలీకరణను, భద్రతా నిర్వహణలోని అలసత్వాన్ని పేర్కొంది. కర్మాగారంలో సైరను వ్యవస్థ ఉండి కూడ ఆ రాత్రి మోగలేదని గుర్తించింది.

ఇక్కడ చిత్రం తాలూకు ఒక పరిమితి బయటపడుతుంది. వెంకటాపురం ఉదంతంలో బర్క్ ఎవరూ లేరు. ఒకడు సంతకం చేసిన ఆదేశం లేదు. నివేదిక చెప్పినది చిన్నచిన్న ఉపేక్షల వరుస. ఎక్కడా ఎవరూ ఎవరినీ చంపదలచుకోలేదు. ‘ఏలియన్స్’ మాత్రం కంపెనీ దోషాన్నంతటినీ ఒక మనిషి ముఖంలోకి కుదించింది. అతడు చివరికి ప్రాణుల చేతికే చిక్కుతాడు. ప్రేక్షకుడు ఊపిరి పీల్చుకొంటాడు. కంపెనీ అలాగే ఉంటుంది. పూర్వచిత్రం ఈ విషయంలో ఎక్కువ కఠినమైనది. సిబ్బంది ప్రాణాలు పోయినా ఫరవాలేదు, ప్రాణిని తెమ్మన్న ఆదేశం అక్కడ ఏ మనిషి ముఖమూ లేకుండా యంత్రం నుంచి వస్తుంది. దుష్టుడు దొరకడం ప్రేక్షకుడికి ఊరట. నిజజీవితంలో ఆ ఊరట దొరకదు, దొరికితే అనుమానించవలసి ఉంటుంది కూడ.

వెనక్కి వెళ్లడం

తెలిసిన బర్క్ చెప్పలేదు. తెలిసిన రిప్లీ చెప్పింది, వారు వినలేదు. దానితో ఆమె బాధ్యత తీరిపోయిందా? సామాన్య నీతి తీరిందనే అంటుంది. చెప్పవలసినది చెప్పాము, వినకపోతే వారి ఖర్మం అన్న మాట మన ఇళ్లలో రోజూ వినేదే. మొదట రిప్లీ కూడ వెళ్లననే అంటుంది. ఆ నిరాకరణను చిత్రం తప్పు పట్టకపోవడం దాని ఔచిత్యం. ఆమె మనసు మార్చుకొనేది మరొక పీడకల తరువాత. వెళ్లేది తీసుకురావడానికా, చదువుకోవడానికా, లేక నాశనం చేయడానికేనా అని ఆమె బర్క్‌ను అడిగి, నాశనం చేయడానికేనన్న మాట తీసుకొంటుంది. అబద్ధమే అయినా మాట తీసుకొంటుంది.

జర్మన్ తత్త్వవేత్త హాన్స్ యోనాస్ బాధ్యతా సూత్రాన్ని ప్రతిపాదించిన గ్రంథం 1979లో వెలువడింది. పూర్వచిత్రం వచ్చిన సంవత్సరమే అది. ఆయన వాదనలో రెండు అంశాలు ఈ చిత్రానికి దీపాల్లా పనికివస్తాయి. మొదటిది, భయానికి జ్ఞానసాధనంగా విలువ ఉందనడం. సాంకేతిక శక్తి పెరిగిన కాలంలో ఏది పోగొట్టుకోబోతున్నామో ముందుగా పట్టి ఇచ్చేది భయమే. దానిని అణచివేయడం ధైర్యం కాదు, అజ్ఞానం. రెండవది, బాధ్యతకు మూలరూపం పసిబిడ్డ అనడం. ఊపిరి తీస్తున్న శిశువు ఉనికిలోనే చూసేవారికి ఒక విధి ఉంది. ఒప్పందం, ప్రతిఫలం, పరస్పరత్వం ఏవీ దానికి అక్కరలేదు. రిప్లీని ఈ రెండూ నడిపిస్తాయి. భయం ఆమెకు సైనికులకంటె ముందుగా చూసే కన్నిచ్చింది. న్యూట్ ఆమెకు ఆ చూపుతో ఏమి చేయాలో చెప్పింది.

ఇక్కడ ఒక పాఠభేద చర్చ చేయాలి. తాళపత్రాల పాఠాంతరాలపై పేజీలు నింపే మనం చలనచిత్ర పాఠాంతరాలను పట్టించుకోకపోవడం విచిత్రం. థియేటర్లలో విడుదలైన చిత్రం నిడివి 137 నిమిషాలు. తరువాత వచ్చిన ప్రత్యేక ప్రతి 154 నిమిషాలు. రెండవ ప్రతిలో రిప్లీకి ఒక కూతురున్నదని, పదకొండో పుట్టినరోజుకు తిరిగి వస్తానని తల్లి మాట ఇచ్చి వెళ్లిందని, ఆ కూతురు అరవైయారేళ్ల వయసులో చనిపోయిందని తెలుస్తుంది. తనకంటె ముసలిదై పోయిన కూతురి ఫోటో చూస్తున్న తల్లి ముఖం ఎవరినైనా కదిలిస్తుంది. విమర్శకులలో చాలామంది ఈ ప్రతినే మెచ్చుకొంటారు. యాభైయేడేళ్లంటే ఎంత నష్టమో ఈ ప్రతిలోనే తెలుస్తుందన్న వారి వాదన బలమైనదే.

అయినా నైతిక దృష్టితో నేను పొట్టి ప్రతి వైపే మొగ్గుతాను. కూతురు ఉన్న కథలో న్యూట్ ఒక ప్రత్యామ్నాయం అవుతుంది. పోయిన బిడ్డ స్థానంలో దొరికిన బిడ్డ. రిప్లీ చేసినది పాత మాటను ఆలస్యంగా చెల్లించడం అవుతుంది. కూతురు ప్రస్తావన లేని కథలో ఆమెకు ఆ పిల్లతో రక్తసంబంధమూ లేదు, రక్తసంబంధపు నీడా లేదు. అక్కడొక పిల్ల ఉంది, అంతే. సాహిత్యదర్పణంలో విశ్వనాథుడు వత్సలాన్ని ప్రత్యేక రసంగా అంగీకరించినప్పుడు పుత్రాదులను ఆలంబనగా చెప్పాడు. ఆ ‘ఆది’ శబ్దం ఎంత దూరం వెళ్లగలదన్న ప్రశ్నకు పొట్టి ప్రతి ఎక్కువ సాహసమైన జవాబిస్తుంది.

రేవు పని విద్య

ఈ నగరపు పాఠకుడికి వెంటనే తగిలే సంగతి మరొకటి. లైసెన్సు పోయిన రిప్లీ రేవులో సరుకు ఎత్తే యంత్రాలు నడుపుతూ బతుకుతుంది. అధికారిణిగా ఉన్న మనిషి ఆ పనిలో చేరడాన్ని బర్క్ కించపరుస్తూనే సానుభూతి చూపుతాడు. సైనిక నౌకలో ఖాళీగా కూర్చోలేక, ఆ యంత్రం నడపడం తనకు వచ్చునని చెప్పి, మనిషి ఒంటికి తొడుగులా ఉండే ఆ లోడరును ఎక్కి బరువు ఎత్తి చూపుతుంది. నవ్విన సైనికులు మెచ్చుకొంటారు. చివరి పోరాటంలో రాణి ప్రాణిని ఆమె ఎదిరించేది ఆ లోడరుతోనే. తుపాకులన్నీ ఓడిన చోట కూలి పనిముట్టు నిలుస్తుంది. 1933లో ఈ రేవు తెరిచిన నాటినుంచి ముఠా కార్మికులు, కళాసీలు, క్రేను నడిపేవారు ఎత్తి దించిన బరువులమీద పెరిగిన ఊరికి ఈ దృశ్యం వింతగా తోచదు.

అంతకు ముందు మరొక చిన్న ఘట్టం ఉంది. సైనికులు ప్రవేశించినది వాయుశుద్ధి కర్మాగారం అడుగుభాగమని, అక్కడ తుపాకి పేలితే శీతలీకరణ వ్యవస్థ పగిలి మొత్తం పేలిపోతుందని ముందుగా గుర్తించేది రిప్లీ. సైన్యాధికారికి ఆ సంగతి తట్టదు. పీడనంలో ఉన్న పాత్ర పక్కన నిప్పురవ్వ పడకూడదని తెలియడానికి షిఫ్టు పని చేసినవాడికి శిక్షణ అవసరం లేదు. ఎరుక అనే మాటను నేను ఈ వ్యాసంలో వాడుతున్నది ఈ అర్థంలోనే. పనిలోంచి వచ్చిన ఎరుకకు నైతిక బలముంది. కాని దాన్ని వినే చెవి పైస్థాయిలో ఎప్పుడూ ఉండదు.

చిత్రం పరిశ్రమ ద్వేషి అని దీనివల్ల అనుకోరాదు. ఈ నగరం కూడ పరిశ్రమను ద్వేషించలేదు. ఉక్కు కర్మాగారం కోసం 1966లో ముప్పైరెండుమంది ప్రాణాలిచ్చిన ప్రాంతమిది. కొలిమి కావాలని అడిగినవారికి, ఆ కొలిమి ఎలా నడుస్తున్నదో అడిగే హక్కు మరింత ఉంటుంది.

ఇద్దరు తల్లులు

ఇక చిత్రం తనకు తానే వేసుకొన్న కఠినమైన ప్రశ్న మిగిలింది. న్యూట్‌ను వెదుకుతూ వెళ్లిన రిప్లీ గుడ్లు పెడుతున్న రాణి ముందు నిలుస్తుంది. కాపలా ప్రాణులు ముందుకు వస్తాయి. రిప్లీ తన చేతిలోని మంటల ఆయుధాన్ని గుడ్లవైపు తిప్పి చూపుతుంది. రాణికి అర్థమవుతుంది. తల ఊపి కాపలావారిని వెనక్కి పంపుతుంది. మాట లేకుండా ఇద్దరు తల్లుల మధ్య ఒప్పందం కుదురుతుంది. రిప్లీ పిల్లనెత్తుకొని వెనక్కి నడుస్తుండగా పక్కనున్న ఒక గుడ్డు విచ్చుకొంటుంది. ఆమె రాణి వంక చూసి, గుడ్లన్నిటినీ కాల్చివేస్తుంది.

ఒప్పందం ఎవరు తప్పారు? గుడ్డు విచ్చుకోవడం రాణి ఆజ్ఞవల్లనా, తనంత తానుగానా అన్నది చిత్రం తేల్చదు. తేల్చకపోవడమే సరైనది. రిప్లీ చేసినదానిలో ఆత్మరక్షణ ఎంత, పగ ఎంత అన్నది ఆమెకే తెలియనంతగా కలిసిపోయింది. ప్రేక్షకుడు ఆ క్షణంలో ఆమె పక్షాన కేకలు వేస్తాడు. ఇంటికి వెళ్లిన తరువాత కొంత ఇబ్బంది పడతాడు, పడాలి.

తెలుగు పాఠకుడికి ఇక్కడ ఆదిపర్వం చివర నన్నయ తెలిగించిన ఖాండవ దహనం గుర్తుకు రాక తప్పదు. అగ్నికి ఆహారంగా అడవినిచ్చి, బయటపడబోయిన ప్రతి ప్రాణినీ కృష్ణార్జునులు తిరిగి మంటలోకి నెడతారు. ఆ మంటలో తల్లులున్నారు. తక్షకుని భార్య కొడుకు అశ్వసేనుణ్ని మింగి ఎగిరిపోబోతుంటే అర్జునుడు ఆమె తల నరుకుతాడు. జరిత అనే శార్ఙ్గక పక్షి రెక్కలు రాని నలుగురు పిల్లలతో ఏం చేయాలో తోచక విలపిస్తుంది. వీరుల విజయాన్ని వర్ణిస్తూనే కథ మండుతున్న గూటి దగ్గర ఆగి, తల్లీ పిల్లల సంభాషణ వినిపిస్తుంది. జయించినవారి పక్షాన ఉంటూ కాలినవారి మాట కూడ వినగల ఆ విశాలత కామెరాన్ చిత్రానికి ఒక్క క్షణం, రాణి తల ఊపిన ఆ క్షణం, అందింది. ఆ తరువాత ఆమె కేవలం వేటాడే మృగం అయిపోతుంది. సర్పయాగాన్ని ఆపే ఆస్తీకుడు ఈ కథలో లేడు. ఆ ప్రాణులతో సహజీవనం సాధ్యం కానట్టుగా కథ కల్పించబడింది గనుక అతనికి చోటు లేదన్న సమర్థన ఉంది. కాని శత్రువును అలా కల్పించుకోవడమే ఒక నైతిక నిర్ణయం. ఈ చిత్రానికి వియత్నాం యుద్ధం ఒక నమూనా అని దర్శకుడే చెప్పినప్పుడు, అవతలి పక్షాన్ని మాటాడలేని పురుగుల మందగా చూపడం గురించి మనం నిశ్చింతగా ఉండలేము.

తప్పించుకొన్న అశ్వసేనుడు కర్ణుని అమ్ములో చేరి అర్జునుణ్ని వెదుక్కొంటూ వస్తాడు. రాణి కూడ అంతే. రక్షక నౌక చక్రాల సందులో దాగి వచ్చి, అంతా ముగిసిందనుకొన్నాక ఎదుట నిలుస్తుంది. అక్కడితోనూ తీరలేదు. 1992లో డేవిడ్ ఫించర్ తీసిన మూడవ చిత్రం, నౌకలో మిగిలిపోయిన ఒక గుడ్డుతో మొదలవుతుంది. మొదటి నిమిషాలలోనే న్యూట్ నిద్రలో మరణిస్తుంది. ఇంతటి ప్రయాస ఎందుకు పనికివచ్చిందని అప్పుడు ప్రేక్షకులు ఆగ్రహించారు. కాపాడిన పిల్ల తరువాత దక్కలేదు గనుక కాపాడడం వ్యర్థమని వారి భావం. ఆ వాదన ప్రకారం జరిత నలుగురు పిల్లలూ అగ్ని దయవల్ల బతికారు గనుకనే ఆమె దుఃఖానికి అర్థం వచ్చిందనవలసి ఉంటుంది. కాని గూడు మండుతున్నంతసేపూ, పిల్లలు బతుకుతారో లేదో జరితకు తెలియదు.